రూట్ కెనాల్ చికిత్సలో ఇంటి మందులు: ఏది ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ప్రమాదం

పుచ్చు పన్ను సలపడం మొదలుపెట్టగానే మన ఇళ్లలో ముందుగా చేతికందేది లవంగం. దానితో తగ్గకపోతే వెల్లుల్లి, పసుపు, కర్పూరం, వేప కషాయం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పల్లెల్లో కొందరు జిల్లేడు పాల దాకా వెళ్తారు. దంత వైద్యులు పరీక్షించి రూట్ కెనాల్ (పంటి లోపలి పాడైన నరాన్ని తీసి, వేళ్లలోని సన్నని కాలువలను శుభ్రం చేసి పూడ్చే చికిత్స) చేయాలని చెప్పాక కూడా ఈ సలహాలు ఆగవు సరికదా, చికిత్స ఖర్చు గుర్తొచ్చినప్పుడల్లా మరికొన్ని తోడవుతాయి. వీటిలో కొన్నింటికి నిజమైన గుణం ఉంది. కొన్నింటివల్ల హాని లేదు, ప్రయోజనమూ లేదు. కొన్ని మాత్రం చిగుళ్లను, నాలుకను, పంటిలో మిగిలిన ప్రాణాన్ని కూడా కాల్చేస్తాయి. చికిత్సకు ముందు, చికిత్స జరిగేటప్పుడు, ఆ తరువాత ఏ పదార్థాన్ని ఎంతవరకు నమ్మవచ్చో, ఎలా వాడాలో, దేనికి దూరంగా ఉండాలో విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఉండేవారిని దృష్టిలో పెట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

పంటి లోపల ఏం జరుగుతోంది

పన్ను పైకి రాయిలా కనిపించినా లోపల సజీవంగా ఉంటుంది. పైన ఎనామిల్, దాని కింద డెంటిన్, నడిమధ్యన నరాలు, రక్తనాళాలు నిండిన మెత్తని గుజ్జు ఉంటాయి. ఈ గుజ్జును వైద్యులు పల్ప్ అంటారు. మనం వాడుకలో పంటి నరం అంటున్నది దీనినే. పల్ప్‌కు రక్తం ప్రధానంగా వేరు కొనలో ఉండే సన్నని రంధ్రం గుండా అందుతుంది, ఆ రంధ్రం వెడల్పు సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. పుచ్చు లోతుకు దిగి సూక్ష్మజీవులు పల్ప్ దాకా వస్తే అక్కడ వాపు మొదలవుతుంది. శరీరంలో మరెక్కడ వాచినా చర్మం, కండ సాగి కొంత చోటిస్తాయి. పంటి గోడలు సాగవు కనుక ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. పడుకోగానే సలుపు ఎక్కువయ్యేది కూడా తల వైపు రక్తపు ఒత్తిడి పెరగడం వల్లనే.

ఈ వాపులో రెండు దశలున్నాయి, ఇంటి మందు గురించి నిర్ణయం తీసుకోవడానికి ఈ తేడా తెలిసి ఉండాలి. చల్లని నీళ్లు తగిలినప్పుడు జివ్వుమని, నీళ్లు మింగగానే తగ్గిపోతే పల్ప్ ఇంకా కోలుకునే స్థితిలో ఉందని అర్థం. అప్పుడు పుచ్చు తీసి సిమెంటు పెట్టడంతోనే పని పూర్తి కావచ్చు. ఏదీ తగలకుండానే నొప్పి పుట్టడం, వేడి కాఫీ తాగిన తరువాత చాలాసేపు సలుపుతూ ఉండడం, అర్ధరాత్రి నిద్ర లేపడం, నొప్పి చెవికీ కణతకీ పాకి ఏ పన్నో చెప్పలేకపోవడం వంటివి ఉంటే పల్ప్ తిరిగి కోలుకోలేని దశకు చేరిందని చాలావరకు అనుకోవచ్చు. రూట్ కెనాల్ అవసరమయ్యేది ఈ రెండో దశలోనూ, పల్ప్ చనిపోయిన తరువాతనూ.

అసలు మోసం ఇక్కడే జరుగుతుంది. పల్ప్ పూర్తిగా చనిపోయిన రోజున నొప్పి ఉన్నట్టుండి మాయమవుతుంది. అంతకు ముందు రోజు ఏ మందు వాడితే ఆ మందుకు పేరొస్తుంది. "లవంగ నూనె పెట్టాను, నొప్పి తగ్గిందిగా, ఇంక ఆసుపత్రెందుకు" అనే మాట గుంటూరు జిల్లాలో ఏ దంత వైద్యశాలలోనైనా వినవచ్చు. కొన్ని వారాలకో, నెలలకో అదే పంటి వేరు కొన దగ్గర ఎముకలో చీము పడుతుంది, దవడ వాస్తుంది, లేదా చిగురు మీద చిన్న కురుపు లేచి చీము కారుతూ ఉంటుంది. నొప్పి తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. పంటి విషయంలో ఈ రెండింటినీ కలిపి చూసుకున్నవారే చివరికి పన్ను పోగొట్టుకుంటారు.

పల్ప్ చనిపోయాక దానిలోకి రక్తం వెళ్లదు. కషాయమైనా, పసుపు పాలైనా, యాంటీబయాటిక్ మాత్రయినా మింగింది రక్తం ద్వారానే పనిచేయాలి కనుక పంటి లోపలి కాలువల్లోకి చేరే మార్గమే ఉండదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ కూడా ఈ విషయంలో ఇంటి మందు కంటే మెరుగేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో పంటికి నేరుగా చికిత్స చేసే వీలున్నప్పుడు చాలావరకు పంటినొప్పికి యాంటీబయాటిక్స్ వాడవద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో స్పష్టంగా సూచించింది. జ్వరం, పాకుతున్న వాపు ఉన్నప్పుడు వాటి అవసరం వేరు. అది వైద్యులు చూసి తేల్చవలసిన విషయం.

డాక్టరు దగ్గరకు వెళ్లేలోగా ఏం చేయవచ్చు

అపాయింట్‌మెంటు రేపో ఎల్లుండో ఉందనుకుందాం. ఆ మధ్యకాలం గడవడానికి ఇంట్లో ఉన్నవాటితో కొంత ఉపశమనం పొందడం తప్పు కాదు.

అన్నిటికంటే నిరపాయకరమైనది ఉప్పునీరు. గ్లాసుడు గోరువెచ్చని నీటిలో అర టీస్పూను ఉప్పు కలిపి, నోట్లో అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, ముఖ్యంగా భోజనం తరువాత, ఇలా చేస్తే పుచ్చులో ఇరుక్కున్న మెతుకులు పోతాయి, చిగురు వాపు కొంత నెమ్మదిస్తుంది. బీపీ ఉన్నవారు ఆ నీరు మింగకుండా చూసుకుంటే చాలు.

లవంగ నూనె సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. దీనిలో 70 నుంచి 90 శాతం వరకు యూజెనాల్ అనే పదార్థం ఉంటుంది. తక్కువ మోతాదులో అది నరాన్ని మొద్దుబారుస్తుంది, ఎక్కువ మోతాదులో కణాలను చంపుతుంది. కువైట్‌లో జరిగి 2006లో వెలువడిన ఒక పరిశోధనలో, లవంగంతో చేసిన జెల్‌ను చిగురుకు రాసినప్పుడు సూది గుచ్చే నొప్పి తగ్గడంలో అది బెంజోకెయిన్ అనే తిమ్మిరి మందుతో సమానంగా నిలిచింది. కాబట్టి అమ్మమ్మల మాటలో నిజం ఉంది. జాగ్రత్త అవసరమైనది మోతాదు దగ్గర.

వాడే పద్ధతి ఇది. ముందు ఉప్పునీటితో పుక్కిలించి పుచ్చు శుభ్రం చేసుకోవాలి. అర టీస్పూను కొబ్బరి నూనెలో గానీ నువ్వుల నూనెలో గానీ ఒక్క చుక్క లవంగ నూనె కలపాలి. మినపగింజంత దూదిని ఉండలా చుట్టి, ఆ నూనెలో ముంచి, పొడి దూది మీద అద్ది, కారే నూనెంతా పీల్చుకుపోయాకే పట్టకారుతో పుచ్చు గుంటలో పెట్టాలి. దూది చిగురుకూ బుగ్గకూ తగలకూడదు. ఐదు పది నిమిషాల తరువాత తీసేసి, ఊరిన లాలాజలాన్ని మింగకుండా ఉమ్మేయాలి. దూది పెట్టుకుని నిద్రపోకూడదు, అది జారి గొంతులోకి పోయే ప్రమాదం ఉంది. నూనె లేకపోతే ఒక లవంగాన్ని నలపకుండా ఆ పంటి పక్కన కాసేపు ఉంచుకున్నా కొంత పనిచేస్తుంది. సుగంధం కోసం గదుల్లో చల్లే నూనె సీసాలు ఇందుకు పనికిరావు. ఆయుర్వేద మందుల షాపులో నోటి వాడకానికని లేబుల్ మీద రాసి ఉన్నదే తీసుకోవాలి.

చిన్నపిల్లలకు లవంగ నూనె వాడకూడదు, సీసాను వాళ్లకు అందేచోట ఉంచనూ కూడదు. 5 నుంచి 10 మిల్లీలీటర్లు మింగిన పసిపిల్లలు స్పృహ కోల్పోయి, కాలేయం దెబ్బతిని ఐసీయూలో చేరిన ఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారు కూడా దీన్ని తరచుగా వాడకపోవడం మంచిది, ఎందుకంటే యూజెనాల్‌కు రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే గుణం ఉంది. ఇంట్లో లవంగ నూనె వాడితే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. పంటి రంగులో పెట్టే కాంపోజిట్ ఫిల్లింగ్ సరిగా గట్టిపడకుండా యూజెనాల్ అడ్డుపడుతుంది, ముందుగా తెలిస్తే వారు పంటిని శుభ్రం చేసి పని మొదలుపెడతారు.

బుగ్గ వాచి ఉంటే బయటినుంచి చల్లని కాపడమే పెట్టాలి. ఐస్ ముక్కలను గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టి, మరో పది నిమిషాలు ఆపి, మళ్లీ పెట్టవచ్చు. ఉప్పు మూటో ఇటుక ముక్కో వేడిచేసి బుగ్గకు కాపడం పెట్టే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. లోపల చీము ఉన్నప్పుడు ఆ వేడి వాపును పెంచి, చీమును చర్మం వైపు తోస్తుంది. బుగ్గ మీద తూటు పడి మచ్చ జీవితాంతం ఉండిపోయినవారు ఉన్నారు.

నొప్పి ఆగనప్పుడు మాత్ర వేసుకోవడానికి సంకోచించనక్కరలేదు. పెద్దవారికి భోజనం తరువాత ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు, దానితోపాటు పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు కలిపి వేసుకుంటే చాలా ఇంటి మందులకంటే నమ్మకంగా పనిచేస్తుంది. అల్సర్, మూత్రపిండాల జబ్బు, ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు ఐబుప్రోఫెన్ జోలికి వెళ్లకుండా పారాసెటమాల్‌కే పరిమితం కావాలి. వానాకాలంలో మన ప్రాంతంలో డెంగీ తిరుగుతుంది; జ్వరం కూడా ఉంటే అది పంటి వల్ల వచ్చిందో కాదో తేలేదాకా ఐబుప్రోఫెన్ వేసుకోకూడదు, రక్తస్రావం అయ్యే ముప్పు ఉంటుంది.

వీటికి దూరంగా ఉండాలి

పచ్చి వెల్లుల్లి దంచి పంటి మీద అదిమిపెడితే సూక్ష్మజీవులు చస్తాయన్నది ప్రయోగశాలలో నిజమే. నోట్లో మాత్రం అది మొదట తాకేది చిగురును. అరగంటలో చిగురు తెల్లగా పాలిపోయి, మర్నాటికి పొర ఊడివచ్చి, కింద ఎర్రటి పచ్చి పుండు మిగులుతుంది; వైద్యులు దీన్ని రసాయన కాలిన గాయంగానే పరిగణిస్తారు. ఆస్ప్రిన్ మాత్రను చిగురుకూ బుగ్గకూ మధ్య ఇరికించుకున్నా ఇదే జరుగుతుంది.

జిల్లేడు పాలు అంతకంటే ప్రమాదకరం. నోటి లోపలి పొరను కాలుస్తాయి, పాలు అంటిన వేలితో కన్ను నలుపుకుంటే నల్లగుడ్డు వాచి చూపు మసకబారుతుంది. పూజకు వాడే కర్పూరాన్ని పుచ్చులో కూరడం మరో అలవాటు. కర్పూరం మింగితే పిల్లలకు మూర్ఛ వస్తుంది, కొద్ది మోతాదే చాలు. తాంబూలంలో వేసుకునే సున్నం కూడా పుచ్చులో పెట్టకూడదు.

పొగాకు గురించి గుంటూరువారికి వేరే చెప్పాలా అనిపిస్తుంది గానీ, చెప్పక తప్పదు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు ఇది. చుట్ట ముక్కనో, కాల్చిన పొగాకు పొడినో పంటికి అదిమితే నొప్పి మొద్దుబారుతుందని చెప్పే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కాసేపు మొద్దుబారడం నిజమే. ఆ అలవాటు పంటి నొప్పి పోయాక కూడా పోదు, నోటి క్యాన్సర్‌కు అది నేరుగా దారి.

వాకుడు గింజలు నిప్పుల మీద వేసి ఆ పొగ నోట్లోకి పట్టిస్తే పంటి పురుగులు రాలిపడతాయని కొందరు సంతల్లో చూపిస్తుంటారు. పంట్లో పురుగులు ఉండవు. ఈ సంగతిని ఫ్రెంచి వైద్యుడు పియెర్ ఫోషార్ 1728లోనే తన గ్రంథంలో రాశాడు. పుచ్చుకు కారణం చక్కెరను ఆమ్లంగా మార్చే సూక్ష్మజీవులు, అవి కంటికి కనిపించవు. కాబట్టి కంటికి కనిపించే పురుగును ఎవరైనా చూపించారంటే అది మీ పంట్లోది కాదు.

చికిత్స గదిలో ప్రకృతి

రూట్ కెనాల్ అంటే పూర్తిగా రసాయనాల పని అనుకునేవారికి ఈ భాగం ఆశ్చర్యం కలిగించవచ్చు. పంటి కాలువలను శుభ్రం చేశాక వాటిని పూడ్చే గులాబీ రంగు సన్నని పుల్లల పేరు గట్టా పెర్చా. ఆగ్నేయాసియాలో పెరిగే ఒక చెట్టు పాలనుంచి తీసిన బంక దానికి ఆధారం. దానిలో ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్ అయినా, పేరూ మెత్తదనమూ ఆ చెట్టువే. కాలువ గోడలకు దాన్ని అతికించే సీలర్లలో చాలాకాలంగా వాడుతున్న రకం జింక్ ఆక్సైడ్, యూజెనాల్ కలిపి చేసేది. అంటే అమ్మమ్మ చెప్పిన లవంగమే, కొలిచిన మోతాదులో, అవసరమైన చోట. పాత రూట్ కెనాల్ విఫలమై మళ్లీ చేయవలసి వచ్చినప్పుడు లోపలి గట్టా పెర్చాను కరిగించడానికి నారింజ తొక్క నూనెను, యూకలిప్టస్ నూనె నుంచి తీసే యూకలిప్టాల్‌ను క్లోరోఫాంకు బదులు వాడే వైద్యులు చాలామంది ఉన్నారు. రెండు సిట్టింగుల మధ్య కాలువలో నింపి ఉంచే కాల్షియం హైడ్రాక్సైడ్ రసాయనికంగా మన తడి సున్నమే. దాన్ని 1920లో దంత వైద్యంలోకి తెచ్చారు. శుద్ధి చేసి, కాలువ లోపలే ఉండేలా నింపినప్పుడు మందయ్యేది, చిగురుకు తగిలితే కాల్చేస్తుంది. తాంబూలం సున్నం పుచ్చులో పెట్టవద్దన్నది ఇందుకే.

ఇప్పుడు అసలు ప్రశ్న: కాలువలను కడగడానికి వాడే సోడియం హైపోక్లోరైట్ బదులు త్రిఫల, వేప, గ్రీన్ టీ వంటివి వాడవచ్చా?

హైపోక్లోరైట్ అంటే బట్టల మరకలకు వాడే బ్లీచింగ్ ద్రావణపు జాతి పదార్థం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల గాయాలను కడగడానికి 0.5 శాతం ద్రావణంగా ప్రసిద్ధి పొందింది; నేడు రూట్ కెనాల్‌లో 0.5 నుంచి 5.25 శాతం వరకు వైద్యుని నిర్ణయాన్ని బట్టి వాడుతున్నారు. దానికి వాసన ఉంది, రుచి వికారంగా ఉంటుంది, వేరు కొన దాటి బయటికి పోతే భరించలేని నొప్పి, నిమిషాల్లో వాపు, రక్తం కమలడం జరుగుతాయి. ఇంత ఇబ్బంది ఉన్న ద్రవాన్ని వైద్యులు వదలకపోవడానికి కారణం ఒక్కటే: సూక్ష్మజీవులను చంపడంతోపాటు, ఫైళ్లు (కాలువలను గీకి శుభ్రం చేసే సన్నని సూదుల్లాంటి పనిముట్లు) చేరలేని మూలల్లో మిగిలిన చచ్చిన పల్ప్‌ను అది కరిగిస్తుంది. పంటి కాలువలు నిటారు గొట్టాల్లా ఉండవు. దవడ పంటిలో అవి చీలి, కలిసి, పక్కలకు రెక్కలు విప్పి ఉంటాయి. అక్కడ కుళ్లిన కణజాలం మిగిలితే సూక్ష్మజీవులకు అదే ఆహారం. మూలికా రసాల్లో క్రిములను చంపే శక్తి కొన్నింటికి ఉన్నా, కణజాలాన్ని ఆ స్థాయిలో కరిగించే శక్తి లేదు.

పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందో రెండు ఉదాహరణలు చెప్తాను. విఫలమైన రూట్ కెనాల్ పళ్లలో తరచుగా కనిపించే ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే మొండి సూక్ష్మజీవి మీద కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల మిశ్రమమైన త్రిఫలను, గ్రీన్ టీలోని పాలీఫినాల్స్‌ను 2010లో పరీక్షించారు. పంటి మీద పెంచిన క్రిముల పొరను రెండూ గణనీయంగా తగ్గించాయి, అయితే అన్నిటికంటే బలంగా పనిచేసింది 5 శాతం హైపోక్లోరైటే. అంతకు ముందు 2008లో నోని పండ్ల రసాన్ని తీసిన పళ్లలో పరీక్షించినప్పుడు, దాని తరువాత ఈడీటీఏ (కాలువ గోడల మీది ఖనిజపు పొడిని కరిగించే రసాయనం) ద్రావణంతో కడిగితే, కాలువ గోడలకు అంటుకునే మురికి పొరను తొలగించడంలో హైపోక్లోరైట్‌కు దీటుగా నిలిచింది. వేప, తులసి, ప్రోపోలిస్ (తేనెటీగలు పోగుచేసే బంక), పసుపులోని కర్క్యుమిన్ మీద కూడా ఇలాంటి ప్రయోగాలు ఎన్నో జరిగాయి. నిజంగా ఆశ కలిగించే ఫలితాలివి, వాటిని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. కానీ వీటిలో అధిక భాగం గాజు పాత్రల్లోనూ, తీసేసిన పళ్లలోనూ జరిగినవి. మనిషి నోట్లో, రక్తమూ చీమూ ఉన్న కాలువలో, ఏడాదో రెండేళ్లో గడిచాక ఎముక మానిందా అన్నదే అసలు పరీక్ష.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ప్రయోగశాలలో వాడిన త్రిఫల, పచారీ కొట్టులో దొరికే త్రిఫల చూర్ణం ఒకటి కావు. అక్కడ తెలిసిన గాఢతతో, వడగట్టిన, క్రిమిరహితమైన సారం ఉంటుంది. ఇంట్లో కాచిన కషాయంలో గాఢత పూటకో రకంగా ఉంటుంది, పిప్పి ఉంటుంది, చల్లారేలోపు గాలిలోని క్రిములు చేరతాయి. అటువంటిదాన్ని తెరిచిన పంటి కాలువలోకి పంపడం శుభ్రం చేయడం కాదు, కొత్త మురికి చేర్చడం. రెండు సిట్టింగుల మధ్య తాత్కాలిక సిమెంటు ఊడిపోతే ఆ గుంటలో ఇంటి మందు ఏదీ వేయకూడదు. అదే రోజు ఫోన్ చేసి మళ్లీ సిమెంటు పెట్టించుకోవాలి.

హైపోక్లోరైట్ అంటే భయపడేవారు దాన్ని వద్దనేకంటే, దాన్ని జాగ్రత్తగా వాడుతున్నారా అని అడగడం మేలు. రబ్బర్ డ్యామ్ వాడతారా అని అడగండి. అది పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా నోటికి అడ్డంగా కట్టే పలచని రబ్బరు తెర. ద్రావణం గొంతులోకి జారకుండా, లాలాజలం పంటిలోకి రాకుండా అది కాపాడుతుంది, చేతి జారుపాటున చిన్న ఫైలు గొంతులో పడకుండా కూడా చూస్తుంది. కాలువ పొడవును ఏపెక్స్ లొకేటర్‌తో (వేరు కొన ఎక్కడుందో చూపే విద్యుత్ పరికరం) గానీ ఎక్స్‌రేతో గానీ కొలిచారా అని అడగండి. ద్రావణం ఎక్కించే సూది కొన మూసి ఉండి పక్కనుంచి రంధ్రం ఉన్నదైతే, వైద్యులు దాన్ని కాలువలో బిగుసుకోకుండా పైకీ కిందికీ కదుపుతూ మెల్లగా నొక్కితే, అది వేరు కొన దాటే అవకాశం చాలా తక్కువ. మధ్యలో నోట్లో బ్లీచింగ్ రుచి తగిలినా, పన్ను లోతులో ఒక్కసారిగా మంట లేచినా వెంటనే చెయ్యి ఎత్తాలి, ఓర్చుకోకూడదు. బ్లీచింగ్ పడక దద్దుర్లు వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. వేరే ద్రావణంతో చేసే పద్ధతులున్నాయి. తేనెటీగలు, పుప్పొడి పడనివారు ప్రోపోలిస్ ఉన్న ఏ మందూ వాడకూడదు.

డాక్టరుకు చెప్పవలసినవి

మీరు వాడే ఆయుర్వేద మాత్రలు, పసుపు క్యాప్సూల్స్, వెల్లుల్లి క్యాప్సూల్స్, కషాయాలు అన్నీ చెప్పాలి. వంటలో వేసే పసుపు, వెల్లుల్లి లెక్కలోకి రావు. క్యాప్సూల్స్ రూపంలో ఎక్కువ మోతాదులో వాడితే రక్తం గడ్డకట్టడం ఆలస్యం కావచ్చు. గుండె జబ్బుకు రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు రూట్ కెనాల్ కోసమని తమంత తాము వాటిని ఆపకూడదు. ఈ చికిత్సకు సాధారణంగా ఆపనవసరం లేదు. మధుమేహం ఉంటే ఆ వారపు షుగర్ రిపోర్టు వెంట తీసుకెళ్లాలి.

ఆయుర్వేద సలహా కావాలనుకునేవారికి విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి పేరున ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. దంత చికిత్సకు విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, గుంటూరు పక్కన తక్కెళ్ళపాడులో సిబార్ దంత వైద్య కళాశాల ఉన్నాయి. కళాశాల ఆసుపత్రుల్లో సమయం ఎక్కువ పట్టవచ్చు, ప్రైవేటు క్లినిక్కుల కంటే ఖర్చు సాధారణంగా తక్కువ. ఖర్చుకు భయపడి నెలల తరబడి ఇంటి మందులతో నెట్టుకొచ్చేవారు ముందు అక్కడికి వెళ్లి ఎక్స్‌రే తీయించుకుంటే పన్ను నిలిచే అవకాశం ఉంది.

వాపు దవడ కిందికీ గొంతు వైపుకీ పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, కన్ను మూసుకుపోయేంత వాపు వచ్చినా, చలితో జ్వరం వచ్చినా అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకూడదు. ఊపిరి ఆడే దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది కనుక 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి.

చికిత్స అయ్యాక

తిమ్మిరి పూర్తిగా దిగేవరకు, అంటే రెండు మూడు గంటలపాటు, ఏమీ నమలకూడదు, వేడి టీ తాగకూడదు. పెదవి కొరుక్కున్నా కాలినా తెలియదు. రెండు మూడు రోజులు నమిలినప్పుడు నొప్పిగా ఉండడం సహజం. ఉప్పునీటి పుక్కిలింత ఇప్పుడూ మంచిదే. రబ్బర్ డ్యామ్ క్లిప్పు ఒరుసుకుని చిగురు పచ్చిగా ఉంటే అది మానేదాకా మన గుంటూరు కారం, ఆవకాయ పక్కన పెట్టడం మంచిది. కారం వల్ల పంటికి హాని లేదు, ఆ చిగురు మండుతుంది, అంతే.

పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర ముట్టకూడదని మన ఇళ్లలో పథ్యం చెప్తారు. రూట్ కెనాల్‌కు ఆ పథ్యం అక్కరలేదు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. మెత్తగా ఉడికిన పప్పన్నమే ఆ రోజుల్లో హాయిగా తినగలిగిన భోజనం. మానుకోవలసినవి జంతికలు, చెరుకు, జీళ్లు, ఐస్ ముక్కలు, అది కూడా ఆ పంటి వైపు.

వేపపుల్లతో తోముకునేవారు మానేయనవసరం లేదు, కానీ ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోవడం దానితో తీరదు. నువ్వుల నూనెతో పుక్కిలించే పద్ధతి నోటి పైపై శుభ్రతకు కొంత పనికొస్తుంది; మింగడంలో ఇబ్బంది ఉన్న వృద్ధులు దానికి దూరంగా ఉండాలి, నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది.

దవడ పన్ను అయితే వైద్యులు చెప్పిన గడువులోగా క్యాప్ వేయించుకోవాలి. నొప్పి లేదు కదా అని క్యాప్ వాయిదా వేసినవారి పన్ను ఒకరోజు మురుకు కొరికినప్పుడో, గింజ తగిలినప్పుడో నిలువునా చీలుతుంది, చీలిక వేరు దాకా పోతే పీకడం తప్ప దారి ఉండదు. ఏడాదికి ఒకసారి అదే పంటికి ఎక్స్‌రే తీయించి పాత ఎక్స్‌రేతో పోల్చి చూడమని అడగండి. వేరు కొన దగ్గర ముందు కనిపించిన నల్లని మచ్చ చిన్నదవుతూ ఉంటే ఎముక మానుతోందని అర్థం, పెద్దదవుతూ ఉంటే నొప్పి లేకపోయినా మళ్లీ చికిత్స గురించి అడగాలి.